వెండి కరచాలనం

మే ఇరవై మూడో తారీఖు ఉదయం స్తానిమీరా వల్చేవా వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు సోఫియా నుంచి ఉపమంత్రి గారు బడికి వస్తారు. ఆయనకు మూడు రంగులు చూపించాలి. తెలుపు, మీగడ, పసుపు. ఆ మూడూ చూశాక లిపోవ్ దోల్ ఊరి బడిని మూసేయాలనే ఆలోచన ఆయనకు రాకూడదు. అంతే.

ఆమె ఆ బడిలో ఇరవై ఏడేళ్ళుగా కెమిస్ట్రీ చెబుతోంది. పిల్లలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఈ బడిని జిల్లా పట్నం బడిలో కలిపేస్తారని రెండేళ్ళుగా పుకారు. కలిపేస్తే పై అంతస్తులో ఉన్న ఆమె ప్రయోగశాలను పెళ్ళిళ్ళ హాలుగా మార్చాలని మేయరు పాంచో గర్గోవ్ అప్పుడే కొలతలు కూడా తీయించాడు. కొలిచేవాళ్ళు వచ్చిన రోజు ఆమె వాళ్ళను ఏమీ అనలేదు. టేపు రెండో కొస పట్టుకోమని వాళ్ళు అడిగితే మాత్రం పట్టుకోలేదు.

ముందురోజు సాయంత్రమే మూడు గాజు గొట్టాల్లో మూడు ద్రావణాలు పోసి, చెక్క స్టాండులో నిలబెట్టి వచ్చింది. చూడ్డానికి మూడూ మంచినీళ్ళే. రంగు లేదు, వాసన లేదు. కానీ సిల్వర్ నైట్రేట్ నాలుగు చుక్కలు వేస్తే చాలు, దేని పేరు అది చెప్పేసుకుంటుంది. క్లోరైడ్ అయితే అడుగున తెల్లని అవక్షేపం దిగుతుంది. బ్రోమైడ్ అయితే మీగడ రంగు. అయోడైడ్ అయితే లేత పసుపు. "నిజం చెప్పించడానికి కేకలు వెయ్యక్కర్లేదర్రా, సరైన చుక్క వేస్తే చాలు" అని పిల్లలకు ఏటా చెప్పే మాట ఆ రోజు ఉపమంత్రికి కూడా చెబుదామనుకుంది.

ఉపమంత్రి జహారియెవ్ బొద్దుగా, ఎర్రగా, సంతోషంగా ఉన్నాడు. గేటు దగ్గర ఆనవాయితీ ప్రకారం స్వాగతంగా అందించిన రొట్టె తుంచి ఉప్పులో అద్దుకుని తిన్నాడు. మూడంతస్తుల మెట్లెక్కేసరికి చొక్కా వీపుకు అతుక్కుపోయింది. జేబులోంచి దుప్పటంత రుమాలు తీసి నుదురు, మెడ, అరచేతులు వరసగా తుడుచుకున్నాడు.

"నేను కూడా చదువుకునే రోజుల్లో కెమిస్ట్రీలో మొదటి వరసేనమ్మా!" అన్నాడు.

"మార్కుల్లోనా అండీ?"

"కాదు, దూరంగా కూర్చుంటే బోర్డు కనపడేది కాదు."

పదో తరగతి పిల్లలు పడీపడీ నవ్వారు. హెడ్మాస్టరు నికిఫోర్ బ్రెజోవ్ నవ్వవచ్చో లేదో తేల్చుకోలేక దగ్గాడు. స్తానిమీరా మొదటి గొట్టంలో నాలుగు చుక్కలు వేసింది. తెల్లగా, పొగలా, చాలా పలచగా మబ్బు కమ్మింది. ఇంత పలచగా రాకూడదే అనుకుంటూ రెండో దాంట్లో వేసింది. తెలుపు. మూడో దాంట్లో వేసింది. తెలుపు.

ఆమె తలెత్తి గుమ్మం వైపు చూసింది. బడి ఊడ్చే మింక అక్కడ చీపురు పట్టుకుని నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది. నేనూ ఒక చెయ్యి వేశాను అన్నట్టు కళ్ళతోనే సైగ చేసింది. ఆ ఒక్క చూపుతో స్తానిమీరాకు మొత్తం అర్థమైపోయింది. రాత్రంతా నిలవున్న నీళ్ళు మంత్రిగారికి చూపిస్తే బడి పరువేం కాను అని, మింక తెల్లవారుజామునే మూడు గొట్టాలూ పారబోసి, తోమి, కుళాయి కింద పట్టి తాజా నీళ్ళు నింపింది. కుళాయి నీళ్ళలో ఉండేది కాస్త క్లోరైడ్ ఒక్కటే. మింక పనిలో ఎప్పుడూ లోపం ఉండదు.

ఇప్పుడు కారణం చెప్పాలంటే అందరి ముందూ మింక పేరు చెప్పాలి. స్తానిమీరాకు పౌరుషం చాలానే ఉంది కానీ ఆ రకం కాదు. గొంతు సవరించుకుని, "అయ్యా, మీరిప్పుడు చూసింది మా ఊరి నీళ్ళు. కంటికి కనపడనిది ఇందులో ఎంత ఉందో చూడండి" అంది.

ఆ మాట ఎంత దూరం వెళుతుందో అప్పుడు ఆమెకు తెలియదు.

"అది సరే, పసుపేదమ్మా?" అన్నాడు ఉపమంత్రి. "మీరు చుక్కలు మరీ పొదుపుగా వేస్తున్నారు. ఇటివ్వండి, మేం చదువుకున్నప్పుడు ఇంత పిసినారితనం లేదు."

సీసా లాక్కుని మూడో గొట్టంలోకి ఒంపాడు. సగం గొట్టంలో పడింది, సగం బల్ల మీద, ఆయన అరచేతిలో. కుళాయి తిప్పితే నీళ్ళు లేవు, తొమ్మిదికే కట్టేశారు. ఆయన ఏమాత్రం తొణక్కుండా తన పెద్ద రుమాలు తీసి, ఆడవాళ్ళకు శ్రమ ఇవ్వని పెద్దమనిషిలా, బల్లంతా తానే తుడిచేశాడు.

"అయ్యా, ఆ రుమాలు..." అంది స్తానిమీరా.

"పాతదేలెండి!"

"అది కాదండీ, ఆ మందు చేతికి..."

"మా ఆవిడ ఉతుకుతుంది లెండి!" అంటూ తడి రుమాలు జేబులో పెట్టుకుని, చెయ్యి చాచాడు. "మీ ఊరి నీళ్ళ సంగతి బాగానే ఉంది. కానీ పసుపు మాత్రం రాలేదు కదమ్మా."

ఆ 'కదమ్మా' దగ్గర ఆయన ముఖంలో జాలి కనిపించింది. ఇరవై ఏడేళ్ళలో ఆమె మీద ఎవరూ చూపించనిది అదే. ఆయన చెయ్యి అందుకుంది. చల్లగా, తడిగా తగిలింది. చెప్పాలంటే అప్పుడే చెప్పాలి. చెప్పలేదు. పోనీ అనుకుంది.

ఉపమంత్రి వరండాలోకి వచ్చాడు. వరసగా నిలబడ్డ తొమ్మిది మంది టీచర్లకూ చెయ్యిచ్చాడు. మర్యాదస్థుడు కాబట్టి, ఒక్కొక్కరికి చెయ్యిచ్చే ముందూ చెమట పట్టిన అరచేతిని జేబులోని రుమాలుతో తుడుచుకున్నాడు. నుదురు కూడా తుడుచుకున్నాడు. హెడ్మాస్టరు చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. గేటు దగ్గర ఉప్పు గిన్నె లోపల పెట్టడానికి తీసుకెళుతున్న మింక కనపడితే, ఆమెకూ చెయ్యిచ్చాడు. ఎండ దెబ్బకు తల తిరుగుతోందని చెప్పి తిన్నగా సత్రానికి వెళ్ళి, గదిలోకే సూపు తెప్పించుకుని తాగి, పడుకున్నాడు. మర్నాడు, తమ లిపి గౌరవార్థం దేశమంతా ఏటా జరుపుకునే అక్షరాల పండుగ ఊరేగింపుకు ఆయనే ముఖ్య అతిథి.

మర్నాడు ఉదయం ఏడింటికి స్తానిమీరా ఇంటి తలుపు దబదబ మోగింది. బయట హెడ్మాస్టరు, కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు.

"వల్చేవా గారూ, నేను పోతున్నానండీ," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటండీ, ఇదిగో చూడండి!" తువ్వాలు విప్పాడు. అరచెయ్యి బొగ్గు పట్టుకున్నట్టు నల్లగా ఉంది. "సబ్బుతో కడిగాను. వెనిగర్‌తో కడిగాను. ఇంట్లో కాచిన రాకియాతో కూడా కడిగాను."

"రాకియాతోనా!"

"కడగ్గా మిగిలింది తాగాను. కాస్త ధైర్యం వచ్చింది, మచ్చ మాత్రం పోలేదు."

ఆమె తన అరచెయ్యి చూపించింది. అదీ నలుపే. "ఏమీ కాదండీ, కంగారుపడకండి. ఇది వెండి. చెమటలో ఉప్పుంటుంది, వెండి దాంతో కలిసి ముందు తెల్లగా అవుతుంది, ఎండ తగిలితే నల్లబడుతుంది. మంత్రిగారి రుమాలు నిండా నా సిల్వర్ నైట్రేటే. పది రోజుల్లో దానంతటదే ఊడిపోతుంది."

హెడ్మాస్టరు ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే మళ్ళీ ఎగిరిపోయింది. "అంటే మంత్రిగారి చెయ్యి కూడా..."

"ఇంకా ఎక్కువగా."

"నుదురు కూడానా?"

ఆమె తలూపింది.

"ఎవరికీ చెప్పకండి! మంత్రి మొహానికి మనమే మసి పూశామని తెలిస్తే బడి ఇవాళే మూసేస్తారు. ఆయన కారెక్కేదాకా నోరెత్తకండి, మీకు దణ్ణం పెడతాను!"

ఆమె సరేనంది. ఆ సరే అనడమే తప్పయింది. ఎందుకంటే కారణం తెలియని ఊరు ఖాళీగా కూర్చోదు. ఎనిమిది గంటలకల్లా తొమ్మిది మంది టీచర్లు తొమ్మిది నల్లచేతులతో డాక్టరమ్మ గుమ్మంలో ఉన్నారు. డాక్టరమ్మ ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి జబ్బు చూడలేదు. "నిన్నంతా ఏం చేశారు?" అని అడిగింది. "ఏం చేశామండీ, బడిలో ఉన్నాం, నీళ్ళు తాగాం" అన్నారు వాళ్ళు. అక్కడున్న ఎవరికో పదో తరగతి పిల్లలు ఇంట్లో చెప్పిన మాట గుర్తొచ్చింది. వల్చేవా టీచరమ్మే చెప్పిందట, మన ఊరి నీళ్ళలో కంటికి కనపడనిది ఏదో ఉందని!

ఇక ఆ మాటను ఆపేవాళ్ళు లేరు. తొమ్మిదింటికి కొట్లో సీసా నీళ్ళు అయిపోయాయి, తొమ్మిదింపావుకు సోడా, తొమ్మిదిన్నరకు బీరు కూడా అయిపోయింది. బీరు దగ్గర మాత్రం జనం అంత విచారంగా లేరు. రొట్టెలతను ఆ నీళ్ళతో పిండి తడపనని కొట్టు మూసేశాడు. డాక్టరమ్మ చౌరస్తాలో ఉన్న కుళాయికి గుడ్డ చుట్టించింది. జనం చేతులు జేబుల్లో పెట్టుకుని నడుస్తున్నారు. ఎవరైనా పలకరిస్తే తలూపి తప్పుకుంటున్నారు.

స్తానిమీరా పండుగ బట్టలు కట్టుకుని బయల్దేరబోతుంటే మింక వచ్చింది. కుడిచెయ్యి ఏప్రన్ కింద దాచుకుంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"టీచరమ్మా, నేను పోలీసు ఠాణాకు వెళుతున్నాను. మీకొకమాట చెప్పి వెళదామని వచ్చాను."

"ఠాణాకెందుకు మింకక్కా?"

"ఆ గొట్టాల్లో నీళ్ళు పట్టింది నేనే. మంచే జరుగుతుందనుకున్నానమ్మా, ఒట్టు. నేను పట్టిన నీళ్ళే మంత్రిగారి చేతిలో పడ్డాయి. ఊరంతటికీ విషం అంటించాను." ఏప్రన్ తీసి చెయ్యి చూపించింది. అందరి చేతులకన్నా నల్లగా ఉంది, గోళ్ళ సందుల్లోకి కూడా పాకింది. ఉప్పు గిన్నె మోసిన చెయ్యి మరి.

స్తానిమీరా ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. హెడ్మాస్టరుకు ఇచ్చిన మాట అక్కడితో అయిపోయింది. "పద అక్కా, ఠాణాకు కాదు, చౌరస్తాకు" అంది.

చౌరస్తాలో బ్యాండు ఆగి ఉంది. బడి జెండా, పూలదండలు, పిల్లలు అన్నీ సిద్ధంగా ఉన్నా ఊరేగింపు కదల్లేదు. వేదిక మీద మేయరు గర్గోవ్ మైకు పట్టుకున్నాడు. ఆయన నిన్న పొద్దున్నే కారెక్కి వెళ్ళడం ఊరంతా చూసింది, ఉపమంత్రికి ఎదురు వెళ్ళాడనుకుంది.

"అన్నల్లారా, అక్కల్లారా! నీళ్ళలో ఏమీ లేదు. నిన్న సాయంత్రమంతా నేను ఉపమంత్రి గారితోనే ఉన్నాను. ఒకే బల్ల దగ్గర భోంచేశాం. ఆయన ఈ చేతిని మూడుసార్లు పట్టుకుని నా మాట విన్నారు." కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. గులాబీ రంగులో నిగనిగలాడుతోంది. "ఏమైనా మచ్చుందా? లేదు! మచ్చ ఎవరికొచ్చింది? బడిలో ఉన్నవాళ్ళకు. బడిలో ఏముంది? పాతకాలపు విషాల ప్రయోగశాల. దాన్ని మూసేయాలని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. ఇవాళ ఉపమంత్రి గారి ఎదుటే అడుగుతాను!"

జనంలో గొణుగుడు మొదలైంది. అప్పుడే సత్రం వైపు నుంచి ఉపమంత్రి వచ్చాడు. మే నెల ఎండలో కనుబొమల దాకా టోపీ లాక్కుని, చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకుని, ఎవరినీ చూడకుండా వేదిక ఎక్కి కుర్చీలో కూర్చున్నాడు. వెనకాలే స్తానిమీరా ఎక్కింది. హెడ్మాస్టరు కింద నుంచి వద్దు వద్దని తల అడ్డంగా ఆడిస్తున్నాడు. ఆమె మేయరు చేతిలోంచి మైకు తీసుకుంది. లాక్కుంది అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

"ఊరి నీళ్ళు మంచివే, ఇంటికెళ్ళి హాయిగా తాగండి. వాటిలో కాస్త ఉప్పుంది, అందరి నీళ్ళలోనూ ఉంటుంది. ఈ నలుపు జబ్బు కాదు, వెండి. నా సీసాలోదే. నిన్న నా బల్ల మీద ఒలికింది, మంత్రిగారు తన రుమాలుతో తుడిచారు. ఆ రుమాలుతో చెయ్యి తుడుచుకుంటూ మాకందరికీ చెయ్యిచ్చారు." ఒక్క క్షణం ఆగి, కుర్చీ వైపు తిరిగింది. "అయ్యా, ఒలికినప్పుడే నేను చూశాను. గట్టిగా చెప్పి ఆపాల్సింది. పసుపు రాలేదు కదమ్మా అన్నారు, నాకు పౌరుషం వచ్చింది, ఊరుకున్నాను. తప్పు నాదే. బడిది కాదు, ఇంకెవరిదీ కాదు."

 ఉపమంత్రి కుర్చీలో ఇంకాస్త కిందికి జారాడు.

"ఇంకొక్క మాట చెప్పి దిగిపోతాను. నిన్న రోజంతా మంత్రిగారి చెయ్యి ఎవరికి తగిలిందో వాళ్ళకు నలుపొచ్చింది. తగలనివాళ్ళకు రాలేదు. చుక్క పడితే అవక్షేపం, పడకపోతే లేదు. ఇందులో మినహాయింపులుండవు."

ఆమె మేయరును చూపించలేదు. చూడను కూడా లేదు. కానీ మేయరు ఎత్తిన చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. జనం ఒక్కొక్కరే ఆ గులాబీ అరచేతి వైపు చూడడం మొదలుపెట్టారు.

"మేయరు గారూ!" ఫోటో స్టూడియో స్లావి బాబాయి గొంతు వినిపించింది. "ఏ చేత్తో కలిపారు మీరు? రెండోది కూడా చూపించండి, పాపం అదేమైనా నల్లబడిందేమో!"

మేయరు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఉపమంత్రి కుర్చీలోంచి వంగి, హెడ్మాస్టరును గట్టిగానే అడిగాడు. "ఈయనెవరు?"

మైకు స్తానిమీరా చేతిలోనే ఉంది కాబట్టి అది చివరి వరస దాకా వినపడింది. "నిన్న జలాశయం గట్టు మీద గాలం వేస్తూ కనపడింది ఈయనేనండోయ్!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. నవ్వులు మొదలై, బ్యాండు వాళ్ళ దాకా పాకాయి. పెద్ద డోలు వాయించేవాడు నవ్వు ఆపుకోలేక డోలు మీదే వాలిపోతే అది ఢమ్మంది.

ఉపమంత్రి లేచాడు. టోపీ తీశాడు. నుదుటి మీద ఈ చెవి నుంచి ఆ చెవి దాకా నల్లని పట్టీ ఉంది. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"ఎల్లుండి సోఫియాలో టీవీ వాళ్ళ ముందు కూర్చోవాలి నేను," అన్నాడు నెమ్మదిగా. "ఇది పోతుందా, పోదా?"

"పోతుందండీ. పావుగంట ఇవ్వండి," అంది స్తానిమీరా.

మందుల షాపు నుంచి టింక్చర్ అయోడిన్ వచ్చింది. స్లావి బాబాయి ఫోటోలు కడిగే హైపో గిన్నెడు తెచ్చాడు. ఆమె ఉపమంత్రిని వేదిక మీదే కూర్చోబెట్టి, మెడ కింద తువ్వాలు కట్టి, ఊరంతా చూస్తుండగా ఆయన నుదుటి మీద దూదితో అయోడిన్ అద్దింది. ముందు గోధుమ రంగు. కాసేపటికి నలుపు కరగడం మొదలైంది. నలుపు పోయినచోట మెల్లగా ఇంకో రంగు తేలింది. ఆమె స్లావి బాబాయిని అడిగి చిన్న అద్దం తెప్పించి, ఆయన ముందు పెట్టింది.

"చూసుకోండి."

ఉపమంత్రి అద్దంలో తన నుదురు చూసుకున్నాడు. లేత పసుపు, వెన్న రంగు.

"ఇదేనా అది?" అన్నాడు.

"అదేనండీ. సిల్వర్ అయోడైడ్. వెండి ఎక్కడున్నా అయోడిన్ దాన్ని వదలదు."

"మరి నిన్నెందుకు రాలేదమ్మా?"

మింక వేదిక మెట్ల దగ్గరే ఉంది. ఏప్రన్ కొస నోట్లో పెట్టుకుంది. స్తానిమీరా దూదిని హైపోలో ముంచింది. "నిన్న గొట్టాల్లో నీళ్ళు మారిపోయాయండీ, నా పొరపాటే," అని నుదురు తుడిచింది. పసుపు కూడా కరిగిపోయి, మామూలు ఎర్రని నుదురు బయటపడింది. చౌరస్తా చప్పట్లతో దద్దరిల్లింది.

"ఇప్పుడు చెయ్యి ఇవ్వండి," అంది.

ఉపమంత్రి చెయ్యి చాచబోయి, ఆగి, అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత కింద నిలబడ్డ టీచర్లను చూశాడు. "వద్దులెండి. చెయ్యి టీవీలో కనపడదు. పిల్లలకు చూపిస్తే ఒక పాఠం అవుతుంది. ఇంకెవరికైనా తీయాలంటే తీయండి."

హెడ్మాస్టరు వెంటనే తన చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. "నాకేం తొందర లేదండీ." తొమ్మిది మంది టీచర్లూ తొందరలేదన్నారు. పొద్దున్న డాక్టరమ్మ గుమ్మంలో ఏడ్చిన లెక్కల టీచరు ఇప్పుడు ఆ చేత్తోనే విసనకర్ర విసురుకుంటోంది, అరచెయ్యి జనం వైపు ఉండేలా.

బ్యాండు మొదలైంది. ఊరేగింపు కదిలింది. బడి జెండా తాళ్ళు పట్టుకునే గౌరవం ఏటా మంచి మార్కులొచ్చిన పిల్లలకు దక్కుతుంది. ఆ ఏడు ఒక తాడును ఉపమంత్రి స్వయంగా మింక చేతికిచ్చాడు. ఆమె ఏప్రన్ విప్పి స్తానిమీరాకిచ్చి, తలెత్తి, నల్లని గుప్పిట్లో తెల్లని తాడు పట్టుకుని, బడి ముందు నుంచి, మునిసిపాలిటీ ముందు నుంచి, పోలీసు ఠాణా ముందు నుంచి నడిచింది. ఠాణా దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా నడిచింది, వాళ్ళకు బాగా కనపడాలని.

"మంత్రిగారు ఈ ఊళ్ళో పన్నెండు మందికి చెయ్యిచ్చారు," అని ఆ తర్వాత ఆమె కొట్లో, బస్టాపులో, చర్చి మెట్ల మీద అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పింది. "పన్నెండో దాన్ని నేను. అనుమానముంటే చూసుకోండి." ఆ వారం ఊళ్ళో ఆ పన్నెండు మందీ కుడిచేత్తోనే డబ్బులిచ్చారు, కుడిచేత్తోనే టాటా చెప్పారు. చేతులు తెల్లగా ఉన్నవాళ్ళు కొందరు, ప్రయోగశాల మెట్లెక్కి వచ్చి, ఊరికే పరామర్శకు వచ్చినట్టు సీసాల వైపు చూస్తూ నిలబడ్డారు.

జూన్ మొదట్లో సోఫియా నుంచి ఉత్తరం వచ్చింది. బడి ఎక్కడికీ పోదు, ప్రయోగశాలకు కొత్త సామాను వస్తుంది. స్తానిమీరా ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మూడోసారి చదివింది. గోడ మీద పెళ్ళిళ్ళ హాలు కొలతల కోసం ఎవరో పెన్సిలుతో గీసిన గీత ఉంటే, తడిగుడ్డ తెచ్చి తానే తుడిచేసింది.

అదే రోజు మధ్యాహ్నం, వీధిలో ఎవరూ లేని వేళ చూసుకుని, మేయరు గర్గోవ్ మెట్లెక్కి వచ్చాడు. టోపీ చేతిలో నలుపుకుంటూ కాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు.

"టీచరమ్మా, ఒక్క చుక్క..." అన్నాడు చివరికి, అరచెయ్యి చాపి. "చిన్న చుక్క. ఎవరికీ చెప్పను."

"ప్రయోగం అయిపోయిందండీ," అంది స్తానిమీరా, సీసాకు మూత బిగిస్తూ.

ఆ నెలంతా, ముప్పై అయిదు డిగ్రీల ఎండలో, మేయరు గారు ఆ గులాబీ అరచేతుల మీద ఉన్ని చేతితొడుగులు వేసుకుని తిరిగారు.